నాలుగు మూలల పసుపు

మా కడప వైపు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. హైదరాబాదొచ్చిన కొత్తలో సిటీ బస్సు మీద 'ఎర్రగడ్డ' అన్న బోర్డు చదివి నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉండడంతో ఆ నవ్వు ఎప్పుడో ఇంకిపోయింది. పోయిన డిసెంబరులో మాత్రం మళ్ళీ వచ్చింది. రైతు బజారు నుంచి నాలుగు ఎర్రగడ్డలు, రెండు ఆలుగడ్డలు, ఎవరూ కొనని ముదురు బెండకాయలు తెచ్చి, హాల్లో పాత పేపరు పరిచి వాటి ముందు కూర్చున్నాను. మా అన్న చూసి "ఏందిరా, కూర ఈడ చేస్తావా?" అన్నాడు.

కూరకు కాదు, సంక్రాంతికి చేత్తో గ్రీటింగ్ కార్డులు చేద్దామని. బెండకాయను అడ్డంగా కోసి రంగులో ముంచి కాగితం మీద పెడితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. ఎర్రగడ్డను సగానికి కోస్తే ఒకదానిలో ఒకటి వలయాలు. ఆలుగడ్డ మీద చాకుతో ఏది చెక్కుకుంటే అది. చిన్న పిల్లల ఆటే. కానీ ఈ సరంజామా అంతా అన్న కోసం తెచ్చాను.

మా అన్న సినిమా పబ్లిసిటీలో అక్షరాలు రాసేవాడు. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమ ఇటు తరలాక తనూ కుంచెలు మూటగట్టుకుని ఫిల్మ్‌నగర్ చేరాడు. ఫ్లెక్సులు వచ్చాక బ్యానర్ల పని పోయింది, కంప్యూటర్ వచ్చాక టైటిల్ అక్షరాల పని పోయింది. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది. మొత్తంగా పోలేదు. పట్టుకుంటుంది, నొక్కుతుంది, సన్నగీత మాత్రం గీయలేదు. చేతికి ఏదో ఒక పని చెబుతుండమని ఫిజియోథెరపీ అమ్మాయి పోరుతుంటే నాకు ఈ అచ్చుల ఆలోచన వచ్చింది. పట్టుకుని నొక్కడమే కదా పని.

అన్న ఒప్పుకోలేదు. "అచ్చు గుద్దేది గుమాస్తా పని. బొమ్మేసేటోని పని కాదు" అని మొహం తిప్పుకున్నాడు.

ఆ మాటలో నిజమెంత అని వెతకబోతే ఈ వ్యాసం తేలింది.

గ్రీటింగ్ కార్డుల చరిత్ర చెప్పేవాళ్ళు 1843 లండన్‌తో మొదలుపెడతారు. హెన్రీ కోల్ అనే ఆయనకు క్రిస్మస్ ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. జవాబులు రాసే తీరిక లేదు. తప్పు కూడా కొంత ఆయనదే. 1840లో వచ్చిన పెన్నీ పోస్టును నిలబెట్టడానికి రోలాండ్ హిల్ పక్కన పనిచేసినవాళ్ళలో కోల్ ఒకడు, ఉత్తరం రాయడం చవకయ్యేసరికి అందరూ రాయడం మొదలుపెట్టారు. దాంతో మిత్రుడు జాన్ కాల్‌కాట్ హోర్స్‌లీ చేత ఒక బొమ్మ వేయించాడు. ఒక కుటుంబం విందు బల్ల దగ్గర గ్లాసులెత్తుతుంటుంది, అటూ ఇటూ పేదలకు తిండీ బట్టా పెడుతుంటారు. (పసిదాని నోటికి కూడా వైన్ గ్లాసు పెట్టారని మద్యం వద్దనేవాళ్ళు గొడవ చేశారు.) పేరు రాసుకోవడానికి పైన ఖాళీ, సంతకానికి కింద ఖాళీ. తీరిక లేనివాడి కోసం పుట్టిన వస్తువన్నమాట.

నన్ను ఆపింది ఆ కార్డు తయారైన పద్ధతి. గీతలు మాత్రమే లితోగ్రాఫ్ రాయి మీద నుంచి అచ్చయ్యాయి. రంగులు ఒక్కో కార్డు మీదా ఒక మనిషి కూర్చుని కుంచెతో నింపాడు. ధర షిల్లింగు, అంటే పన్నెండు ఉత్తరాల తపాలా ఖర్చు. తొలి కార్డు అటు పూర్తిగా అచ్చూ కాదు, ఇటు పూర్తిగా చేతిపనీ కాదు. మనం ఇప్పుడు స్టాంపుతో గీత వేసుకుని వాటర్‌కలర్ నింపుకుంటున్నామే, సరిగ్గా అదే పద్ధతి.

అన్నకు చెబితే "అది దొరల సంగతి" అన్నాడు.

సరే, మన సంగతికే వద్దాం. మన శుభలేఖ చూడండి. అన్న పెళ్ళప్పుడు ప్రెస్సులో కొట్టించిన కార్డులు కట్టలుగా ఇంటికొచ్చాయి. అక్షరాలు అన్నవే, బంగారు ఇంకు. మా అమ్మకు అవేవీ పట్టలేదు. గిన్నెలో పసుపు కలిపి, బొటనవేలు ముంచి, ఒక్కో కార్డుకు నాలుగు మూలలా అద్దుకుంటూ పోయింది. ఆ పని కాకుండా ఒక్క కార్డునూ గడప దాటనివ్వలేదు. అచ్చయి వచ్చినంత సేపూ అది కాగితమే, పసుపు తగిలాకే శుభలేఖ. నీళ్ళలో కలిపిన పసుపు నీటిరంగు కాక మరేమిటి? ఆ బొటనవేలు స్టాంపు కాక మరేమిటి?

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. బట్ట మీద దిమ్మలతో ముద్రలు వేసే పనిని మనవాళ్ళు 'అద్దకం' అంటారు. అద్దడమంటే ఒత్తడం, ముంచడం, తడితో తాకించడం అన్నీను. గాయానికి దూదితో మందు అద్దుతాం, రొట్టెను పాలలో అద్దుతాం, బట్టకు రంగు అద్దుతాం. ఇంగ్లీషువాడికి స్టాంపు వేరు, పెయింటు వేరు. మన క్రియాపదానికి ఆ తేడా పట్టలేదు.

అద్దకం అంటే మచిలీపట్నం, దాని పక్కన పెడన. కొన్నేళ్ళ కిందట ఏదో పెళ్ళికి బందరు వెళ్ళి, ఆ సాకుతో పెడనలో ఒక పూట తిరిగాను. టేకు దిమ్మ మీద ఉలితో పువ్వు అంచు చెక్కుతున్న ముసలాయన్ను చూస్తే, మా అన్న అక్షరానికి తల కట్టే తీరే గుర్తొచ్చింది. అక్కడ ఒక పువ్వుకు ఒక దిమ్మ చాలదు. గీతకు ఒకటి, లోపలి రంగుకు మరొకటి, నేలరంగుకు ఇంకొకటి. ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా రాకుండా పడాలి. అసలు చిత్రం రంగుల్లో ఉంది. బట్టను ముందు కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళే నలుపు. ఆ నీళ్ళలో నల్లదనం పెద్దగా కనబడదు, కరక్కాయ పట్టిన బట్టను తాకాకే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పెట్టేది ఎరుపు కాదు, పటిక. ఆ బట్టను చిరివేరు లాంటి వేళ్ళతో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు అంటుకుంటుంది, మిగతా చోట్ల కడిగితే పోతుంది. అంటే అద్దేవాడు కనబడని రంగుతో బొమ్మ వేస్తాడు. తప్పు పడిందో లేదో కాగులో ఉడికాక గాని తెలియదు.

ఈ బట్ట కోసమే ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొట్టు పెట్టింది, డచ్చివాళ్ళు అంతకు ముందే దిగారు. యూరప్‌లో ఇది ఎంత అమ్ముడయిందంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టగా 1686లో ఫ్రాన్సు అద్దకపు నూలు బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1721లో కట్టుకోవడమే నేరం చేసింది. గ్రీటింగ్ కార్డు హెన్రీ కోల్ ఇక్కడ మళ్ళీ ఎదురవుతాడు. 1851 మహా ప్రదర్శన ముగిశాక, డిజైను నేర్చుకునే ఇంగ్లీషు పిల్లలకు నమూనాలుగా ఉండాలని ఆయనా మరికొందరూ కలిసి కొన్న వస్తువుల్లో భారతీయ వస్త్రాలు చాలా ఉన్నాయి. ఆ సేకరణతో మొదలైన మ్యూజియమే ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్, దాని మొదటి డైరెక్టరు ఆయనే.

కానీ నిజాయితీగా చెప్పాలంటే, ఈ చరిత్ర నా వాదానికి పూర్తిగా కలిసిరాలేదు. 1618 నుంచి నాలుగేళ్ళు మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాస్తూ, ఈ తీరపు బట్టల్లో మేలురకాలు కుంచె పట్టి వేసినవేననీ, బట్ట చిరిగేదాకా ఆ రంగు పోదనీ చెబుతాడు. 1742లో కేర్దూ అనే జెసూట్ పాద్రి తన ఉత్తరంలో ఈ పని వివరాలన్నీ రాసి ఫ్రాన్సుకు పంపాడు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చిన కేర్దూ ఈయనే. ఆయన వర్ణించిందీ వెదురు కలమే, మధ్యలో రంగు పీల్చే గుడ్డ చుట్ట కట్టిన కలం. మచిలీపట్నంలో అచ్చు పైచేయి అయింది తరవాతే, ఇరాన్‌కు వెళ్ళే సరుకు కోసం. అవతలివాళ్ళకు ఒకే నమూనా బారలకొద్దీ కావాలి. కలం వెనక్కి తగ్గింది, పేరు మాత్రం కలంకారీగానే మిగిలింది. కలం ఇప్పటికీ కలంలాగే బతికినది శ్రీకాళహస్తిలో.

"చూసినావా, మేలురకం చేత్తో వేసిందే అని ఆ దొర కూడా చెప్పె" అన్నాడు అన్న. దొరల సంగతి అప్పుడు పనికొచ్చింది ఆయనకు.

నేను ఊరుకోకుండా మచిలీపట్నానికే మళ్ళీ వెళ్ళాను, ఈసారి నీటిరంగుల కోసం. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లు అక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1920ల్లో కలకత్తా నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చి అక్కడ చిత్రకళ నేర్పాడు. ఆయన తెచ్చింది 'వాష్' పద్ధతి. పలచగా రంగు పూసి, ఆరాక కాగితాన్ని నీళ్ళలో ముంచి తీసి, మళ్ళీ పూసి, మళ్ళీ ముంచడం. పట్టనిది కడుక్కుపోతుంది, పట్టింది పొరలుగా మిగులుతుంది. 1903లో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారులు తైకాన్, షున్సోల పని చూసి అవనీంద్రనాథ్ టాగోర్ అల్లుకున్న విద్య అది. చటర్జీ దగ్గర దాన్ని నేర్చుకున్నవాళ్ళలో మన అడివి బాపిరాజు ఒకరు. 'నారాయణరావు' నవలాకారుడిగానే ఎక్కువమందికి తెలుసు గాని, చేతిలో కుంచె ఉన్న మనిషి. అదే కాలంలో రాజమండ్రిలో దామెర్ల రామారావు నీటిరంగుల్లో గోదావరి మనుషుల్ని వేసి, 1925లో ఇరవై ఏడేళ్ళకే మశూచితో పోయాడు. ఆయన గురించి వేరే వ్యాసం కావాలి, ఇక్కడ దారి తప్పను.

నాకు ఆశ్చర్యమనిపించింది ఊరి సంగతి. ఒకే ఊళ్ళో ఒక పక్క అద్దిన బట్టను పారే నీళ్ళలో ఉతికి ఎరుపు నిలబెడుతున్నారు, ఇంకో పక్క బొమ్మను నీళ్ళలో ముంచి ఆకాశం నిలబెడుతున్నారు. ఇద్దరికీ పని పూర్తిచేసేది నీళ్ళే. ఇద్దరూ ఒకరినొకరు చూసి ఏమనుకునేవారో!

చేత్తో వేసిన కార్డుకు పెద్దరికం తెచ్చినవాడు ఆ బెంగాలు బడికే చెందిన నందలాల్ బోస్. 1879 నుంచి మన దేశంలో ఉన్న మామూలు పోస్టుకార్డు మీద శిష్యులకూ మిత్రులకూ బొమ్మలు వేసి పంపుతూనే ఉండేవాడు. చెట్టు, మేక, ఎండలో నడిచే మనిషి, ఏది కనబడితే అది. హైదరాబాదులో బంజారాహిల్స్‌కు రూపమిచ్చిన మెహదీ నవాజ్ జంగ్ చేయూతతో శాంతినికేతన్ వెళ్ళి ఆయన దగ్గర చదువుకుని వచ్చినవాడే మన కొండపల్లి శేషగిరిరావు. అంటే ఆ గాలి మన గుట్టల దాకా వీచిందన్నమాట.

మన చిన్నప్పటికి కార్డంటే శివకాశి కార్డు. సంక్రాంతి ముందు బంకుల దగ్గర తాళ్ళకు వేలాడేవి. గులాబీలు, దేవుళ్ళు, సినిమా హీరోలు. కవరు మూత అంటించకుండా లోపలికి మడిచి పైన 'బుక్ పోస్ట్' అని రాస్తే చవకగా పోయేది. ఆ కార్డుల్లో హీరోకు పెదవి ఒకచోట, పెదవి ఎరుపు ఇంకోచోట పడి ఉండేవి. మా అన్న వాటిని చూపించి రిజిస్ట్రేషన్ తప్పడమంటే ఏమిటో నాకు పాఠం చెప్పేవాడు. అవి కొనడానికి డబ్బుల్లేని ఏడు డ్రాయింగ్ షీటు ముక్కలు కోసి, కేమెల్ రంగు బిళ్ళలతో తనే వేసి ఇచ్చాడు. (1931లో సిరా పొడితో మొదలైన కామ్లిన్ వాళ్ళ ఒంటె బొమ్మ మా తరం మొత్తానికి నీటిరంగులు నేర్పింది.) ఆ ఏడు నేను పంచిన కార్డుల్ని చూసి మిగతా పిల్లలు, మాకూ వేయించవా అని వెంటపడ్డారు.

అదే గుర్తుచేశాను. "అప్పుడు నువ్వు వేసినవి పది కార్డులు. సినిమాకు రాసిన టైటిలు మాత్రం ఊరూరా గోడల మీద పడె. ప్రెస్సు అచ్చు గుద్దకపోతే నీ అక్షరం ఎవరు చూసేవాళ్ళన్నా?" అన్నాను. యూనిసెఫ్ కార్డు సంగతి కూడా చెప్పాను. రెండో ప్రపంచయుద్ధం తరవాత చెకోస్లొవేకియాలో యిత్కా సామ్కోవా అనే ఏడేళ్ళ పిల్ల, తమ ఊరికి అందిన సాయానికి కృతజ్ఞతగా బొమ్మ వేసింది. కాగితం దొరక్క గాజు ముక్క మీద వేసింది. 1949లో యూనిసెఫ్ అచ్చు వేసిన మొదటి కార్డు అదే. గాజు మీదున్నది ఒక్కటే బొమ్మ, లోకానికి అందింది అచ్చు.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అది ప్రెస్సోని అచ్చు. నేను రాసింది ఒక్కటే" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

వాదన వదిలేసి నా పాటికి నేను పనిలో పడ్డాను. ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో పాత తాళాలు, ఛార్జర్ల మధ్య ఒక అద్దకం దిమ్మ దొరికింది. అరచేయంత మామిడిపిందె. అంచు ఒకచోట అరిగింది, వెనక గాలి పోయే చిల్లులు మాత్రం బాగానే ఉన్నాయి. కార్డుకు 300 జీఎస్‌ఎం గరుకు కాగితం తెచ్చాను. పలచటిదయితే నీళ్ళు తగలగానే అప్పడంలా లేస్తుంది. ముందు నీళ్ళకు చెదరని నల్ల ఇంకుతో అచ్చు, అది ఆరాక రంగు. ఈ వరస తప్పితే గీత కరిగి బొమ్మంతా మసి. కూరగాయల అచ్చులకు ఇంకు కన్నా పోస్టర్ కలర్ మేలు, కానీ కోసిన ముక్కను ముందు గుడ్డ మీద బోర్లించి తడి పీల్చాలి. అది చేయకపోతే మొదటి పువ్వు చెరువు అవుతుంది. నాది అయింది.

రబ్బరు ముక్క మీద బ్లేడుతో 'శు' చెక్కాను. ఇంకు పూసి ఒత్తితే కాగితం మీద ఏ భాషదో తెలియని అక్షరం తిరగబడి పడింది. అన్న పకపకా నవ్వాడు. పక్షవాతం తరవాత అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు.

"లితో రాయి మీద అంతా తిప్పే రాయాల. నీకు చేతకాదు గాని, ట్రేసింగ్ పేపరు మీద పెన్సిలుతో రాసి, రబ్బరు మీద బోర్లా పెట్టి రుద్దు. అదే తిరుగుతుంది" అన్నాడు. రుద్దాను, తిరిగింది. చెక్కాక తీసుకుని చూసి, కొమ్ము దగ్గర లావుగా ఉంది, ఇంకా తియ్యమన్నాడు. తీశాను. తలకట్టు పక్కన ఇంకొంచెం అన్నాడు. అదీ తీశాను. తరవాత నేను దిమ్మను కాగితం మీద ఠపీమని గుద్దబోతే "అట్ల కాదురా" అని లాక్కున్నాడు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, దిమ్మను నిలువుగా దించి, భుజం బరువంతా మెల్లగా దాని మీదికి వదిలాడు. ఎత్తితే అరిగిన అంచుతో సహా మామిడిపిందె నిండుగా పడింది.

పదకొండు కార్డులయ్యాయి. అచ్చులన్నీ ఆయనవి. రంగు నేను వేశాను, ఆయన చెబుతుంటే. కాగితం తడిపి, ఆ తడి మీదే పసుపూ నారింజా వదిలితే వాటంతటవే కలుసుకుంటాయి, మధ్యలో కుంచె పెట్టి కెలక్కూడదు. తడి మెరుపు పోకముందే రెండు ఉప్పుగళ్ళు వేస్తే రంగు పక్కకు జరిగి మంచు చుక్కలు పడతాయి. ఇది బ్యానర్ల రోజుల విద్య కాదు, ఎక్కడ నేర్చుకున్నావంటే చెప్పలేదు. తెలుపు కావాలంటే తెల్లరంగు వేయొద్దు, కాగితాన్ని వదిలెయ్యి అన్నాడు. నేను నాలుగు కార్డుల్లో వదలడం మర్చిపోయాను. అన్నీ అయ్యాక వంటింట్లోంచి పసుపు తెచ్చి గిన్నెలో కలిపాను, ఏమీ అనకుండా. బొటనవేలు ముంచాడు. వేలు వణికి రెండు మూడు చోట్ల మూల దాటి లోపలికి పాకింది. తుడవబోతే ఉండనీ అన్నాడు.

మొదటి కార్డు మద్రాసుకు, ఆయనతో కలిసి బ్యానర్లు వేసిన పాత స్నేహితుడికి. కొరియర్ వద్దు పోస్టులోనే వెయ్యాలన్నాడు, తనూ వస్తానన్నాడు. ఆటోలో వెళ్ళాం. కౌంటరులో గుమాస్తా స్టాంపు అంటించి, తారీఖు ముద్ర తీసుకుని ఠపీమని గుద్దాడు. సగం వలయమే పడింది, తారీఖు అలుక్కుపోయింది. మెట్లు దిగుతూ అన్న వెనక్కి తిరిగి చూశాడు.

"నిలువుగా దించాలని చెప్పుండాల్సింది వానికి."